గ్లూకోమీటర్‌కి కనిపించని చక్కెర

చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక వేసవి ఆదివారం సాయంత్రం, చాలాకాలం కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? ఫ్యాన్ శబ్దం ఎక్కువగా ఉంది, తెలుసు. ఆపమని మాత్రం అడగను. మే నెలలో మద్రాసులో ఫ్యాన్ ఆపమన్నవాడి ప్రసంగం ఎవరు వింటారు?

నన్ను షుగర్ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. పిల్లలకి బయోకెమిస్ట్రీ చెప్పుకుని బతికినవాణ్ణి. షుగర్ జబ్బు గురించి చెప్పడానికి ఈ ఊళ్లో పెద్దపెద్దవాళ్లున్నారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చూశారు కదా, దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని తేల్చింది. ఆ సర్వేని నడిపింది చెన్నై పరిశోధకులే. కాబట్టి ఆ పని వాళ్లకి వదిలేసి, నేను ఒక్క చక్కెర గురించే చెబుతాను. పండ్లలో ఉండే చక్కెర. ఫ్రక్టోజ్.

ఎందుకు అదే? ఎందుకంటే ఇప్పుడు ప్రతి ఇంట్లో దీని మీద ఒక పంచాయితీ నడుస్తోంది. నాన్నగారు పొద్దున్నే పార్కులో వాకింగ్ చేసి, తిరిగొస్తూ పెద్ద గ్లాసు సాత్తుకుడి జ్యూస్ తాగుతారు. బత్తాయి అనాలి మనం, కానీ ఇక్కడ ఇన్నేళ్లుండి సాత్తుకుడి అనకపోతే దుకాణంవాడికి అర్థం కాదు. అడిగితే ఆయన ఏమంటారు? "పండే కదా, సహజమైన చక్కెరే కదా." అదే ఇంట్లో అమ్మాయి ఫోన్లో ఏదో వీడియో చూసి, ఫ్రక్టోజ్ విషం, లివర్ పాడైపోతుంది అని మామిడిపండు ముట్టుకోవడం మానేసింది. నడి వేసవిలో! ఇద్దరూ మాట్లాడేది ఒకే చక్కెర గురించి. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ముందు కాస్త కెమిస్ట్రీ. భయపడకండి, బోర్డు లేదు, నేను రాసే అవకాశమే లేదు.

గ్లూకోజ్‌లో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. ఫ్రక్టోజ్‌లో? అవే. ఆరు, పన్నెండు, ఆరు. ఒక్క పరమాణువు కూడా తేడా లేదు. మరి తేడా ఎక్కడ? కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య రెండు బంధాలుండే చోటు ఒకటి ఉంటుంది. గ్లూకోజ్‌లో అది మొదటి కార్బన్ దగ్గర, ఫ్రక్టోజ్‌లో రెండో కార్బన్ దగ్గర. అంతే. అంత చిన్న తేడాకి రుచి మారిపోయింది, పేగులో దారి మారిపోయింది, లివర్లో కథే మారిపోయింది. దీన్ని 1847లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త డ్యూబ్రన్‌ఫో కనిపెట్టాడు. ఈ చక్కెరల అణువులు ఎలా కూర్చి ఉంటాయో తేల్చినవాడు జర్మనీ దేశపు ఎమిల్ ఫిషర్. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ రోజుల్లో ఎక్స్‌రేలూ కంప్యూటర్లూ ఏవీ లేకుండా ఆయన చేసిన తర్కం ఉందే, నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినా ప్రతిసారీ ఆశ్చర్యపోయేవాణ్ణి. సరే, అది ఇంకో రోజు.

ఇప్పుడు అసలు మాట వినండి. మనం కాఫీలో వేసుకునే పంచదార ఏమిటి? సుక్రోజ్. సుక్రోజ్ అంటే ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చెయ్యి చెయ్యి పట్టుకున్న అణువు. చిన్నపేగులోకి రాగానే సుక్రేజ్ అనే ఎంజైము వాటిని విడదీస్తుంది. అంటే చెంచా పంచదార తింటే సగం ఫ్రక్టోజ్ తిన్నట్టే. బెల్లం? అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే. తేనె? నూటికి సుమారు 38 గ్రాములు ఫ్రక్టోజ్, 31 గ్రాములు గ్లూకోజ్. కాబట్టి, పండు ముట్టుకోని అమ్మాయీ, నువ్వు కాఫీలో పంచదార వేసుకుంటున్నావా? అయితే నీకు ఫ్రక్టోజ్ రోజూ అందుతూనే ఉంది.

మామిడిపండు సంగతి ఇంకా తమాషా. పండ్ల చక్కెర అంటే మామిడే గుర్తొస్తుంది మనకి. కానీ వంద గ్రాముల మామిడి గుజ్జులో సుమారు 14 గ్రాముల చక్కెర ఉంటే, అందులో సగం సుక్రోజే, మనింటి పంచదారే. విడి ఫ్రక్టోజ్ ఐదు గ్రాముల లోపు. ఫ్రక్టోజ్‌కి పేరున్నది ఆపిల్, పియర్. ఆపిల్‌లో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ రెట్టింపు పైనే. ద్రాక్షలో రెండూ దాదాపు సమానం.

ఇదిగో, ఒక వస్తువు తెచ్చాను. రిఫ్రాక్టోమీటర్ అంటారు. ద్రాక్ష తోటల రైతులు కోతకి ముందు వాడతారు. ఈ గాజు మీద ఒక్క చుక్క రసం వేసి, మూత వేసి, వెలుతురు వైపు పెట్టి చూడాలి. బాబూ, నువ్వు రా, ముందు వరసలో ఖాళీగా ఉన్నావు. ఇది బంగినపల్లి రసం. కన్ను దగ్గర పెట్టు. పైన నీలం, కింద తెలుపు కనిపిస్తున్నాయా? ఆ గీత ఏ అంకె దగ్గరుంది? పంతొమ్మిదా? బావుంది, మంచి పండు. తుడిచెయ్. ఇది నేను ఇంట్లో పిండిన సాత్తుకుడి. ఎంత? తొమ్మిది. ఇప్పుడిది ఇందాక వస్తూ వస్తూ దుకాణంలో కొన్న సాత్తుకుడి జ్యూస్. చూడు. పదిహేనా? సరిగ్గా చూశావా? ఇంకొకరు చూడండి. పదిహేనే. ఈ సాధనం చెప్పేది ముఖ్యంగా రసంలో కరిగిన చక్కెర, సుమారుగా నూటికి ఎన్ని గ్రాములో. తొమ్మిదికీ పదిహేనుకీ తేడా ఆరు. మూడు వందల మిల్లీలీటర్ల గ్లాసుకి పద్దెనిమిది గ్రాములు. నాలుగు చెంచాల పంచదార. పండులోది కాదు, దుకాణంవాడు పోసింది. "సహజమైన చక్కెర" అన్న నాన్నగారు వింటున్నారా?

కెమిస్ట్రీలోంచి బయటికి రాకముందే ఇంకొక్క మాట, ఇది వంటకి పనికొచ్చేది. చక్కెరలన్నిటిలో ఫ్రక్టోజ్ తియ్యన, పంచదార కంటే కూడా. కానీ ఒక షరతు ఉంది. నీళ్లలో కరిగినప్పుడు అది ఒకే రూపంలో ఉండదు. ఆరు మూలల ఉంగరంగా ఉన్నప్పుడు చాలా తియ్యగా ఉంటుంది. ఐదు మూలల ఉంగరంగా మారితే తీపి పోతుంది. వేడి ఎక్కువైతే ఐదు మూలల రూపం పెరుగుతుంది. అందుకే ఫ్రక్టోజ్ పొడి వేడి కాఫీలో వేస్తే అనుకున్నంత తీపి రాదు, చల్లటి నీళ్లలో బాగా వస్తుంది. ద్రాక్షపండ్లు కాస్త చల్లబరిచి తింటే తీపి ఎక్కువనిపించడంలో దీని పాత్ర ఉంది. మరీ ఐసులా చేస్తే మళ్లీ నాలుకే మొద్దుబారుతుంది, అది వేరు.

సరే, ఒంట్లోకి వద్దాం. పేగులో గ్లూకోజ్‌కి రాజమార్గం ఉంది, శరీరం శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలికి లాక్కుంటుంది. ఫ్రక్టోజ్‌ని లోపలికి చేర్చడానికి గ్లూట్-5 అనే ప్రోటీన్ ఉంది, దాని సామర్థ్యం పరిమితం. మనుషుల్ని బట్టి కూడా మారుతుంది. కొందరికి రెండు ఆపిల్స్ తింటే కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనాలు. ఎందుకు? లోపలికి పోని ఫ్రక్టోజ్ పెద్దపేగులోకి వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఆపిల్, పియర్ పండ్లలో సార్బిటాల్ అని, సరిగా లోపలికి పోని ఇంకో తీపి పదార్థం కూడా ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. గ్లూకోజ్ తోడుంటే ఫ్రక్టోజ్ బాగా లోపలికి వెళ్తుంది. అందుకే ఆపిల్ పడనివాళ్లలో చాలామందికి అరటిపండు పడుతుంది. ఇది జబ్బు కాదు. తక్కువ తింటే సరిపోతుంది.

ఇక లివర్. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది.

నెల్లూరు నుంచి కారులో వచ్చినవాళ్లు ఎంతమంది? టోల్‌గేట్ దగ్గర ఆగారు కదా. లివర్ కణంలో గ్లూకోజ్‌ని విరిచే దారిలో సరిగ్గా అలాంటి గేటు ఒకటి ఉంది. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అని పేరు. కణంలో శక్తి కావలసినంత ఉంటే ఆ గేటు పడిపోతుంది, గ్లూకోజ్ ఆగుతుంది, గ్లైకోజెన్‌గా నిలవకి పోతుంది. ఫ్రక్టోజ్ ఏం చేస్తుంది? గేటు దాటిన తరవాత పక్క రోడ్డులోంచి హైవే ఎక్కుతుంది. దాన్ని ఆపేవాడు లేడు. శక్తి ఉందా లేదా అని అడిగేవాడు లేడు. ఎంత వస్తే అంతా లోపలికే. వచ్చిందాన్ని లివర్ ఏం చెయ్యాలి? కొంత గ్లూకోజ్‌గా మారుస్తుంది, కొంత లాక్టేట్‌గా, కొంత గ్లైకోజెన్‌గా. మరీ ఎక్కువగా, మరీ వేగంగా వస్తే కొవ్వుగా. ఆ కొవ్వు కొంత లివర్లోనే ఉండిపోతుంది, కొంత ట్రైగ్లిసరైడ్స్‌గా రక్తంలోకి వస్తుంది. మీ లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఆ వరస చూసే ఉంటారు.

ఇంకొకటి. ఫ్రక్టోజ్‌ని పట్టుకునే ఎంజైము ఫ్రక్టోకైనేజ్. అది మహా దూకుడు. కణంలో ఉన్న ఏటీపీని, అంటే శక్తి నిలవని, గబగబా ఖర్చుపెట్టేస్తుంది. ఖర్చైన ఏటీపీ ముక్కల్లో కొన్ని చివరికి ఏమవుతాయో తెలుసా? యూరిక్ యాసిడ్. అది కీళ్లలో పేరుకుని వాపు, నొప్పి తెచ్చే జబ్బే గౌట్. ఇక్కడ గౌట్ ఉన్నవాళ్లుంటే, మీ డాక్టర్ మాంసం తగ్గించండి, బీరు మానండి అని చెప్పే ఉంటారు. కూల్ డ్రింక్ మానమని చెప్పారా? 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అమెరికాలో 46 వేల మందికి పైగా మగవాళ్లని 12 ఏళ్లు గమనించారు. చక్కెర కూల్ డ్రింకులు రోజుకి రెండూ అంతకన్నా ఎక్కువా తాగేవాళ్లకి, నెలకి ఒకటి కూడా తాగనివాళ్ల కంటే గౌట్ వచ్చే ప్రమాదం 85 శాతం ఎక్కువ కనిపించింది. చక్కెర లేని డైట్ డ్రింకులతో ఆ సంబంధం కనిపించలేదు.

మరైతే అమ్మాయి మాటే నిజమా? విషమేనా? ఉండండి. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, క్లాసులో కూడా ఇదే చెప్పేవాణ్ణి.

ప్రపంచంలో కొద్దిమంది పుట్టుకతోనే ఫ్రక్టోకైనేజ్ లేకుండా పుడతారు. ఆ మొదటి ఎంజైము లేదు. వాళ్లకేమవుతుంది? ఏమీ కాదు! తిన్న ఫ్రక్టోజ్ కొంత మూత్రంలో పోతుంది, అంతే. వెనకటి రోజుల్లో మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో కాచి చూసేవాళ్లు, అది ఫ్రక్టోజ్‌కి కూడా రంగు మారుతుంది. పాపం, వీళ్లలో కొందరికి షుగర్ అని ముద్ర కూడా పడింది. ఇంకొంతమందికి మొదటి ఎంజైము ఉంటుంది, తరవాతిది, ఆల్డోలేజ్-బి, ఉండదు. వాళ్ల పరిస్థితి? ప్రాణాపాయం. పసిపిల్ల తల్లిపాలు తాగినంతకాలం నిక్షేపంగా ఉంటుంది. ఆరో నెలలో పండ్లరసమో పంచదారో మొదలుపెట్టగానే వాంతులు, రక్తంలో గ్లూకోజ్ పడిపోవడం, లివర్ దెబ్బతినడం. సగం విరిగిన ఫ్రక్టోజ్ లోపల ఇరుక్కుపోతుంది, కణంలోని ఫాస్ఫేట్ అంతా దానితోపాటే చిక్కుకుపోతుంది. ఈ జబ్బుతో పెరిగి పెద్దయినవాళ్లు తీపంటేనే దూరం జరుగుతారు, వాళ్ల పళ్లు చూస్తే చాలాసార్లు ఒక్క పిప్పిపన్ను కూడా ఉండదు.

ఇప్పుడు చెప్పండి. మొదటి మనిషి రక్తంలో ఫ్రక్టోజ్ తిరుగుతూనే ఉంది, ఏమీ కాలేదు. రెండో మనిషికి చెంచాడు చాలు, ప్రమాదం. ఫ్రక్టోజ్ అణువే విషమైతే మొదటివాడికి ఎందుకు కాలేదు? కాబట్టి చూడవలసింది అణువుని కాదు. లివర్లోకి ఎంత వస్తోంది, ఎంత వేగంగా వస్తోంది, వచ్చినదాన్ని లివర్ సర్దుకోగలుగుతోందా. ఎంత, ఎంత వేగంగా. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, మిగతాది మరిచిపోయినా నాకు బాధ లేదు.

ఎంత అన్నదానికి ఒక లెక్క. 2009లో కాలిఫోర్నియాలో ఒక ప్రయోగం చేశారు. బరువెక్కువున్న 32 మందికి పది వారాలపాటు, తినే కేలరీల్లో పాతిక శాతం కొందరికి గ్లూకోజ్ పానీయంగా, కొందరికి ఫ్రక్టోజ్ పానీయంగా ఇచ్చారు. బరువు రెండు గుంపులకీ దాదాపు ఒకేలా పెరిగింది. కానీ ఫ్రక్టోజ్ తాగినవాళ్లకి పొట్ట లోపలి కొవ్వు పెరిగింది, ఇన్సులిన్ పనితనం తగ్గింది. వీడియోల్లో చెప్పేది ఇక్కడిదాకే. మిగతాది నేను చెబుతాను. రెండు వేల కేలరీల్లో పాతిక శాతం అంటే 125 గ్రాముల ఫ్రక్టోజ్. ఒక మోస్తరు ఆపిల్‌లో పది గ్రాములుంటుంది. రోజూ పన్నెండు ఆపిల్స్, పది వారాలు. ఎవరైనా తినగలరా? తినలేరు. తాగగలరా? అదే చిక్కు, తాగగలరు.

ఇది వేగం సంగతి. 1977లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ముచ్చటైన పని వచ్చింది. పదిమందికి ఆపిల్స్ ఇచ్చారు. ఒకసారి పండుగానే, ఒకసారి గుజ్జు చేసి, ఒకసారి రసం తీసి. మూడింటిలోనూ చక్కెర సమానమే. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులో రసం తాగేశారు. పదకొండు రెట్ల వేగం! పైగా రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువ పెరిగింది, కాసేపటికి గ్లూకోజ్ పరగడుపు మట్టానికంటే కిందికి పడింది, కడుపు నిండినట్టూ అంతగా అనిపించలేదు. ఆపిల్ అదే, మనుషులూ అదే.

2018లో ఎలుకల్లో ఇంకో సంగతి చూశారు. ఫ్రక్టోజ్ కొద్దికొద్దిగా వస్తే చిన్నపేగే చాలామటుకు దాన్ని గ్లూకోజ్‌గా మార్చేసి, లివర్‌దాకా వెళ్లనివ్వదు. ఒక్కసారిగా వస్తే పేగు చేతులెత్తేస్తుంది, మిగిలింది లివర్ మీద పడుతుంది. ఎలుకల్లో, గుర్తుపెట్టుకోండి. కానీ పండుని నమిలి తినడానికీ గటగటా తాగడానికీ తేడా ఎందుకుండాలో ఇది చెబుతోంది. మనుషుల మీద 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం, అమెరికా నర్సులూ ఇతర ఆరోగ్య ఉద్యోగులూ కలిపి లక్షా ఎనభై వేల మందికి పైగా, అదే వైపు చూపించింది. పండ్లు, అందులోనూ ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీలు తినేవాళ్లకి షుగర్ వచ్చే ప్రమాదం తక్కువ. జ్యూస్ తాగేవాళ్లకి ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర తగ్గించండి అన్నప్పుడు, జ్యూస్‌లో చక్కెరనీ తేనెలో చక్కెరనీ పంచదారతో ఒకే గాటన కట్టింది. పండులో ఉన్నదాన్ని కట్టలేదు. కేలరీల్లో పది శాతం లోపు, వీలైతే ఐదు శాతం లోపు అంది. ఐదు శాతమంటే పాతిక గ్రాములు. ఇందాకటి దుకాణం గ్లాసులో నలభై ఐదు ఉన్నాయి, మీరే చూశారు.

మన ఫుడ్ సేఫ్టీ సంస్థ కూడా 2024 జూన్‌లో, చిక్కటి రసంలో నీళ్లు కలిపి డబ్బాల్లో అమ్మేవాళ్లని "వంద శాతం పండ్ల రసం" అన్న మాట తీసెయ్యమంది. ఆలస్యమైనా మంచి పని.

ఇక గ్లూకోమీటర్. ఇంట్లో అందరికీ ఉంది కదా. ఆ స్ట్రిప్పులో ఉన్న ఎంజైము పేరులోనే ఉంది, గ్లూకోజ్ ఆక్సిడేజ్ లేదా గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్. అది చూసేది గ్లూకోజ్‌నే. ఫ్రక్టోజ్‌ని చూడదు. చూసినా పెద్దగా ఏమీ కనిపించదు, ఎందుకంటే చాలా భాగాన్ని లివర్ ముందే పట్టేసుకుంటుంది. అందుకే ఫ్రక్టోజ్ గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, ఇరవై దగ్గర, పంచదారది అరవై అయిదు. ఈ అంకె చూపించే ఒకప్పుడు ఫ్రక్టోజ్‌తో చేసిన స్వీట్లు షుగర్ ఉన్నవాళ్లకి మంచివని అమ్మారు. ఇప్పటికీ అమ్మేవాళ్లున్నారు. మీటర్ చూస్తే పెరగదు, మనవాళ్లకి సంతోషం, ఇంకో రెండు తింటారు. ట్రైగ్లిసరైడ్స్, లివర్ కొవ్వు, యూరిక్ యాసిడ్ ఇవేవీ ఆ మీటర్లో రావు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. ఫ్రక్టోజ్, ఫ్రూట్ షుగర్, ఇన్వర్ట్ సిరప్, పండ్ల కాన్సంట్రేట్ అని ఉంటుంది. కళ్లజోడు మరిచిపోకండి.

ప్రశ్నలు అడగమంటున్నారు. అడగండి.

అయ్యగారు అడుగుతున్నారు, షుగర్ ఉంది, మామిడిపండు తినొచ్చా అని. అయ్యా, మందుల సంగతి మీ డాక్టరుతో మాట్లాడండి. నేను చెప్పగలిగేది, పండులో ఫ్రక్టోజ్ ఒక్కటే ఉండదు, గ్లూకోజ్ కూడా ఉంటుంది, మీటర్ పెరుగుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి వంద గ్రాముల పండు అంటోంది. వంద గ్రాములంటే బంగినపల్లిలో ఒక చెక్క. ముక్కలు కోసుకుని తినండి, పాలు పోసి మిక్సీలో వెయ్యకండి. సాంబారన్నం పీకలదాకా తిని ఆ పైన తినకండి, ఆ పూట అన్నం తగ్గించుకుని తినండి. మీటర్ పెట్టి రెండు గంటల తరవాత చూసుకోండి, ఈ విషయంలో మాత్రం మీటర్ పనికొస్తుంది. జామకాయ అయితే ఇంకా నిశ్చింత, వందకి ఐదు గ్రాములు పీచే.

అక్కడ, పాపని ఎత్తుకున్న అమ్మాయి. ఆరు నెలలు నిండాయి, జ్యూస్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏడాది నిండేదాకా జ్యూస్ అక్కర్లేదమ్మా, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లో ఇదే చెప్పింది. అరటిపండు మెత్తగా మెదిపి పెట్టు. కొత్త పండు పెట్టినప్పుడల్లా వాంతులై, పాప నీరసంగా వేలాడిపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు, ఇందాక చెప్పిన జబ్బు చాలా అరుదు, కానీ తెలియకపోతే ప్రమాదం. తేనె అయితే ఏడాది లోపు వద్దే వద్దు. అందులో బొటులినం అనే బ్యాక్టీరియా విత్తనాలు ఉండొచ్చు, పసి పేగు వాటిని తట్టుకోలేదు. ఏమిటి, అత్తగారు రోజూ పాపకి తేనె నాకిస్తున్నారా? ఆవిడ కూడా వచ్చారా ఇవాళ? ఎక్కడ? సరే, టిఫిన్ దగ్గర ఆవిడతో నేను మాట్లాడతాను.